సర్వర్ లేకుండా బండ్లు తమలో తాము దారి కుదుర్చుకోవాలంటే: రేడియో నుంచి బ్రేకు దాకా

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: నాలుగు ప్రయోగాత్మక వాహనాలున్నాయి. మధ్యలో సర్వర్, క్లౌడ్, సిగ్నల్ స్తంభం ఏవీ లేకుండా అవి నేరుగా రేడియోలో మాట్లాడుకుని కూడలి దాటాలి, పక్క లేన్‌లోకి కలవాలి, వరుస కట్టి వెళ్ళాలి. అన్నీ ఒకే నిర్ణయానికి రావడానికి బ్లాక్‌చెయిన్ తరహా కన్సెన్సస్ పెడదామా, ఏ రేడియో తీసుకోవాలి, ఎక్కడ దెబ్బతింటాం?

కన్సెన్సస్ సంగతి ముందు తేల్చేద్దాం. అక్కడ తప్పటడుగు పడితే మిగతాదంతా పక్కదారి పడుతుంది. బ్రేకునీ స్టీరింగ్‌నీ నడిపే లూప్‌లో బ్లాక్‌చెయిన్‌కి చోటు లేదు. గంటకు 100 కి.మీ. వేగమంటే సెకనుకు 27.8 మీటర్లు. 100 మిల్లీసెకన్లు ఆలస్యమైతే బండి 2.8 మీటర్లు ముందుకెళ్ళిపోతుంది. ఈథీరియం అనే బ్లాక్‌చెయిన్‌లో ఒక స్లాట్ (ఒక బ్లాకుకి ఇచ్చే వ్యవధి) 12 సెకన్లు, అంటే 330 మీటర్ల పైమాటే. బిట్‌కాయిన్ బ్లాకుకి పట్టే సగటు 10 నిమిషాల గురించి చెప్పనే అక్కర్లేదు.

సరే, బ్లాకులు వద్దు, పీబీఎఫ్‌టీ (కొందరు అబద్ధమాడినా మిగతావాళ్ళు ఒకే మాటకి వచ్చే పద్ధతి) లాంటి ఓటింగ్ పెడదామంటారా? అబద్ధమాడే బండ్లు f ఉంటే తట్టుకోవడానికి మొత్తం 3f+1 బండ్లు కావాలని 1982లోనే లాంపోర్ట్, షోస్టాక్, పీజ్ చూపించారు. అంటే మీ నాలుగు బండ్లలో ఒక్కటి మాత్రమే చెడిపోవచ్చు. అసలు ఇబ్బంది ఆ సంఖ్య కాదు. ఓటింగ్‌కి ముందు సభ్యులెవరో తెలియాలి. కూడలి దగ్గర గుంపు సెకనుకోసారి మారుతుంది, మూల మీద భవనం వెనకున్న బండి మాట కొందరికి వినిపిస్తుంది, కొందరికి వినిపించదు. సభ్యుల జాబితా మీద ఒప్పందం కుదరడమే ఇంకో కన్సెన్సస్ సమస్య. పైగా సందేశాలు ఎంత ఆలస్యమవుతాయో హద్దు లేని చోట ఒక్క సభ్యుడు ఆగిపోయినా సరే, ఒప్పందం తప్పక కుదురుతుందన్న హామీ యాదృచ్ఛికత వాడని ఏ పద్ధతీ ఇవ్వలేదని ఫిషర్, లించ్, ప్యాటర్సన్ 1985లో నిరూపించారు. బండికి మాత్రం గడువు ఉంది, అది బ్రేకు దూరం.

కాబట్టి ప్రశ్ననే మార్చాలి. అందరూ ఎలా ఒప్పుకోవాలన్నది వదిలేసి, ఒప్పందం కుదిరిందో లేదో ఒకరికి తెలిసి మరొకరికి తెలియకపోయినా గుద్దుకోకుండా ఎలా ఉండాలన్నది పట్టుకోండి. దానికి తేలికైన ఉపాయం ఉంది: బాధ్యత ఇద్దరి మీదా ఒకే క్షణంలో పడనివ్వకూడదు.

ఒక లేన్ కలయిక తీసుకుందాం. ర్యాంపు మీద నుంచి వచ్చే బండి క, ప్రధాన లేన్‌లో బండి ఖ. క ఖాళీ అడుగుతుంది. ఖ ఒప్పుకుని, ఫలానా సమయం వరకు నా ముందు ఇంత ఖాళీ ఉంచుతాను అని సందేశం పంపుతుంది. ఆ సందేశం దారిలో పోవచ్చు. అందినట్టు క పంపే జవాబూ పోవచ్చు. జవాబుకి జవాబు పెట్టుకుంటూ పోతే ఈ గొలుసు తెగదు. అందుకని నియమం ఇలా రాయండి: హక్కు వదులుకునే బండి సందేశం పంపిన క్షణం నుంచే కట్టుబడాలి, హక్కు పొందే బండి అది చేతికందాకే కదలాలి. సందేశం పోతే ఖ అనవసరంగా నాలుగు సెకన్లు ఖాళీ ఉంచుతుంది, అంతే నష్టం. దారి వృథా అవుతుంది కానీ సొట్ట పడదు.

దీనికి మూడు షరతులు తోడవ్వాలి. అనుమతికి గడువు ఉండాలి, అది "4 సెకన్ల పాటు" అని కాకుండా కచ్చితమైన గడియారపు సమయంగా ఉండాలి. ఎందుకంటే "4 సెకన్లు" ఎప్పటి నుంచి లెక్కించాలన్న దాని మీద మళ్ళీ తగాదా. ఇచ్చినవాడు గడువులోపు రద్దు చేయకూడదు, పొందినవాడు ఎప్పుడైనా వద్దనుకోవచ్చు. గడువుకి ఇటు 200 మిల్లీసెకన్లు ముందే క పని ముగించాలి, అటు 200 మిల్లీసెకన్లు దాటాకే ఖ ఖాళీ మూయాలి. పని ముగియదని క లెక్కకి తేలితే మొదలే పెట్టకూడదు. మీరు రాసే స్టేట్ మెషీన్‌లో (బండి ఏ స్థితి నుంచి ఏ స్థితికి మారాలో బాణాలతో చూపే పటంలో) ప్రతి బాణం దగ్గరా ఆగి, ఈ సందేశం పోతే ఏమవుతుందని అడగండి. సమాధానం "ఆగుతాం" లేదా "ఖాళీ వృథా" కాకుండా ఇంకేదైనా వస్తే ఆ బాణం తప్పు.

ఇక రేడియో. 5.9 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో రెండు కుటుంబాలున్నాయి. ఒకటి వైఫై వంశం: ఐఈఈఈ 802.11పి, యూరప్‌లో ఐటీఎస్-జీ5 అంటారు. రెండోది సెల్యులార్ వంశం: సీ-వీ2ఎక్స్, ఇందులో పీసీ5 అనే నేరుగా మాట్లాడే దారి ఉంటుంది, టవర్ అక్కర్లేదు. ఒకదాని మాట ఇంకోదానికి వినపడదు, కనుక నాలుగు బండ్లలోనూ ఒకే రకం పెట్టండి. అమెరికాలో రేడియో తరంగాల్ని నియంత్రించే ఎఫ్‌సీసీ 1999లో ఈ అవసరానికి 75 మెగాహెర్ట్జ్ కేటాయించి, 2020లో దాన్ని పైనున్న 30 మెగాహెర్ట్జ్‌కి కుదించి సీ-వీ2ఎక్స్ వైపు మొగ్గింది. చైనా కూడా సీ-వీ2ఎక్స్‌నే ఎంచుకుంది. యూరప్‌లో ఐటీఎస్-జీ5 ఉన్న ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఎనిమిదో తరం రోడ్ల మీద తిరుగుతోంది. మీరు పరీక్షించే చోట ఈ బ్యాండ్‌కి అనుమతి ఏమిటో పరికరాలు కొనకముందే కనుక్కోండి.

రెండూ బ్రాడ్‌కాస్ట్ చేస్తాయి, రెండూ చెడిపోతాయి, చెడిపోయే తీరు వేరు. ప్రోటోకాల్ రాసేవారికి ఇది తెలియాలి.

802.11పి ముందు విని తర్వాత మాట్లాడుతుంది. అందిందన్న రసీదు ఉండదు. ఒకరికొకరు వినపడని రెండు బండ్లు మధ్యలో ఉన్న మూడో బండి మీద ఒకేసారి అరిస్తే రెండూ పోతాయి. ఇక్కడ నష్టాలు విడివిడిగా, చెల్లాచెదురుగా వస్తాయి, ఛానెల్ నిండేకొద్దీ పెరుగుతాయి.

టవర్ లేకుండా నడిచే సీ-వీ2ఎక్స్ మోడ్ 4 కథ వేరు. ఇక్కడ స్థానమంటే బండి ఉన్న చోటు కాదు, సందేశం పంపడానికి ఎంచుకునే సమయం, ఫ్రీక్వెన్సీల గడి. బండి ఒక సెకను పాటు ఛానెల్ వింటుంది, తక్కువ సందడి ఉన్న 20 శాతం స్థానాల్లోంచి ఒకటి యాదృచ్ఛికంగా తీసుకుంటుంది, ఆ స్థానంలోనే ప్రతి 100 మిల్లీసెకన్లకీ పంపుతుంది. 5 నుంచి 15 మధ్య ఒక కౌంటర్ వేసుకుంటుంది, అది సున్నా అయినప్పుడు పాత స్థానాన్నే ఉంచుకునే సంభావ్యత 0 నుంచి 0.8 దాకా మీరు పెట్టుకోవచ్చు. 0.8 పెట్టారనుకోండి. కౌంటర్ సగటు 10, అంటే ఒక విడత ఒక సెకను, సగటున 5 విడతలు అదే స్థానం. ఇప్పుడు రెండు బండ్లు పొరపాటున ఒకే స్థానం ఎంచుకున్నాయంటే, వాటిలో ఒకటి కదిలేదాకా వాటి ప్రతి సందేశమూ వరుసగా గుద్దుకుంటుంది. అర సెకను నుంచి కొన్ని సెకన్ల దాకా మౌనం. సగటు చూస్తే 95 శాతం అందుతున్నట్టే కనిపిస్తుంది, కానీ పోయిన 5 శాతమంతా ఒకే జత మీద, ఒకే కూడలి దగ్గర పడి ఉంటుంది. దీనికి తోడు ఈ రేడియో పంపుతూ వినలేదు. ఒకే 1 మిల్లీసెకను సబ్‌ఫ్రేమ్‌లో (కాలపు ముక్కలో) పంపే రెండు బండ్లు వేరే వేరే ఫ్రీక్వెన్సీ గళ్ళలో ఉన్నా ఒకదాన్నొకటి వినవు, పక్కనున్న మూడో బండికి మాత్రం రెండూ చక్కగా వినిపిస్తాయి. లాగ్ చూసి పరికరం పాడైందనుకునేది ఇక్కడే. మందు: ఉంచుకునే సంభావ్యతను 0.2 నుంచి 0.4 మధ్యకి తగ్గించడం, మీ మాడ్యూల్ అనుమతిస్తే అప్పుడప్పుడు స్థానం మార్చి పంపే సదుపాయం వాడుకోవడం. మరీ తగ్గిస్తే అందరూ తరచూ స్థానాలు మారుస్తూ కొత్త ఢీలు పుట్టిస్తారు. సెల్యులార్ ప్రమాణాల విడుదల 16లో వచ్చిన ఎన్ఆర్-వీ2ఎక్స్‌లో (సీ-వీ2ఎక్స్ 5జీ రూపంలో) గుంపుకి పంపి, అందనివాళ్ళు మళ్ళీ పంపమని అడిగే సదుపాయం ఉంది. వరుసగా వెళ్ళే బండ్లకి అది బాగా పనికొస్తుంది.

అందుకే ఏ రేడియో అయినా సరే, ఎంత శాతం అందాయన్న సగటు చూసి సంతోషపడకండి. ప్రతి జతకీ వరుస సందేశాల మధ్య విరామం తీసుకుని, దాని 99వ శతాంశం (నూటికి 99 విరామాలు ఏ విలువ లోపు ఉన్నాయో అది) చూడండి. 300 మిల్లీసెకన్లు దాటిన ప్రతి విరామాన్నీ మ్యాప్ మీద చుక్కగా పెట్టండి. చుక్కలు ఒక భవనం మూల మీదో, లారీ వెనకో గుమికూడతాయి. ఎదురుగా లారీ అడ్డొస్తే 10 నుంచి 20 డెసిబెల్స్ సిగ్నల్ పోవడం మామూలే.

యాంటెన్నాని చిన్నచూపు చూడొద్దు. 5.9 గిగాహెర్ట్జ్‌లో తరంగదైర్ఘ్యం 5 సెంటీమీటర్లు. సన్నటి కోయాక్స్ కేబుల్ మీటరుకి 2 డెసిబెల్స్ పైనే మింగేస్తుంది. డిక్కీలో రేడియో పెట్టి పైకప్పు దాకా 4 మీటర్ల సన్నటి తీగ లాగితే 8 డెసిబెల్స్, అంటే ఆరో వంతు పవర్ కూడా యాంటెన్నాకి చేరదు. రేడియోని పైకప్పుకి దగ్గరగా పెట్టండి, తక్కువ నష్టమున్న లావుపాటి కేబుల్ ఒక మీటరుకి మించకుండా వాడండి, ఒకటి కాకుండా రెండు యాంటెన్నాలు పెట్టండి. అద్దం పైకప్పున్న కార్లలో వెనక అంచున పెట్టిన యాంటెన్నాకి కింద లోహపు తలం చాలదు, ముందువైపు చూపు తగ్గిపోతుంది. కూడలికి కావలసింది సరిగ్గా ఆ ముందువైపే.

సందేశాల్లో ఏముండాలన్నది మీరు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. బండి తన స్థానం, వేగం, దిశ చెప్పే సందేశాలుగా యూరప్ పద్ధతిలో సీఏఎం, అమెరికా పద్ధతిలో ఎస్ఏఈ (వాహన ఇంజనీర్ల సంస్థ) ప్రమాణం జె2735లోని బీఎస్ఎం ఉన్నాయి. బీఎస్ఎం సాధారణంగా సెకనుకు 10 సార్లు వెళ్తుంది. సీఏఎం అవసరాన్ని బట్టి సెకనుకు 1 నుంచి 10 సార్లు: దిశ 4 డిగ్రీలు మారినా, బండి 4 మీటర్లు కదిలినా, వేగం సెకనుకు 0.5 మీటరు మారినా కొత్తది పుడుతుంది. ఈ రెండింటి మధ్య అనువాదం రాసేవాళ్ళు పడే గుంటలు మూడున్నాయి.

మొదటిది, స్థానం అంటే బండిలో ఏ బిందువు? బీఎస్ఎంలో అది బండి నడిమధ్య. సీఏఎంలో ముందు బంపరు మధ్య. 4.5 మీటర్ల కారులో ఈ పొరపాటు 2.25 మీటర్లు. తిన్నగా వెళ్తున్నప్పుడు కనిపించదు, జీపీఎస్ తప్పులే అనుకుంటారు. మలుపులో బండి పక్క లేన్‌లోకి చొచ్చుకొచ్చినట్టు కనిపిస్తే ముందు దీన్ని అనుమానించండి.

రెండోది, సమయం. యూరప్ పద్ధతిలో గడియారం 2004 జనవరి 1 నుంచి మిల్లీసెకన్లలో, లీప్ సెకన్లను (భూభ్రమణంతో సరిపెట్టడానికి అప్పుడప్పుడు కలిపే సెకన్లను) కూడా కలుపుకుంటూ పోతుంది. మామూలు యూటీసీతో (ప్రపంచ ప్రామాణిక సమయంతో) పోలిస్తే ఆ తర్వాత వచ్చిన లీప్ సెకన్లు 5. లైనక్స్ గడియారం తీసుకుని 2004 దాకా తీసివేసి పంపేస్తే సరిగ్గా 5 సెకన్ల తేడా వస్తుంది. మీ నాలుగు బండ్లలోనూ ఒకే తప్పు కోడ్ ఉంటే అంతా సవ్యంగా నడుస్తుంది, వేరే తయారీదారు బండి వచ్చిన రోజు అది 5 సెకన్లు పాతదిగానో, భవిష్యత్తు నుంచి వచ్చినట్టుగానో కనిపిస్తుంది. ఇంకో మెలిక: సీఏఎంలో పంపేది పూర్తి సమయం కాదు, 65,536తో భాగించగా వచ్చిన శేషం. 65.536 సెకన్లకోసారి సున్నాకి తిరిగొస్తుంది. తీసివేతని 16 బిట్ల గుర్తున్న సంఖ్యగా చేయకపోతే నిమిషానికోసారి ఒక సందేశం "65 సెకన్ల పాతది" అని చెత్తబుట్టలో పడుతుంది. నిమిషానికి ఒకటే కాబట్టి రేడియో నష్టమనుకుని వదిలేస్తారు.

మూడోది, ఏ క్షణాన్ని ముద్ర వేస్తున్నారు? స్థానం కొలిచిన క్షణాన్ని వేయాలి, సందేశం పంపిన క్షణాన్ని కాదు. జీపీఎస్ రిసీవర్‌లో, సీరియల్ పోర్టులో, ఫిల్టర్‌లో కలిపి 100 మిల్లీసెకన్లు తేలిగ్గా పోతాయి. 100 కి.మీ. వేగంలో అది పై లెక్క ప్రకారం 2.8 మీటర్లు. గడియారాల్ని జీపీఎస్ ఇచ్చే సెకను పల్స్‌తో కట్టేస్తే వాటిలో తేడా సమస్యే కాదు. మిలియన్‌కి ఒకవంతు తప్పే స్ఫటికం 10 నిమిషాల సొరంగంలో 0.6 మిల్లీసెకను మాత్రమే జారుతుంది. మీ అప్లికేషన్‌కి అది లెక్కలోకి రాదు. పీసీ5 రేడియోకి మాత్రం మైక్రోసెకన్ల లెక్క కావాలి, కాబట్టి పొడవాటి సొరంగాల్లో దాన్ని విడిగా పరీక్షించండి.

స్థానపు నాణ్యత గురించి ఒక మాట. ఎస్ఏఈ జె2945/1 కోరేది తెరిచిన ఆకాశం కింద 1.5 మీటర్లు, అది కూడా 68 శాతం సార్లు. లేన్ వెడల్పు 3.5 మీటర్లు. అంటే ఎదుటి బండి ఏ లేన్‌లో ఉందో మామూలు జీపీఎస్‌తో నమ్మకంగా చెప్పలేం. ఆర్‌టీకే (స్థిర స్టేషన్ పంపే సవరణలతో జీపీఎస్ తప్పుని తగ్గించే పద్ధతి) పెడితే సెంటీమీటర్లలోకి వస్తుంది, చెట్ల కింద ఆ కచ్చితత్వం (ఫిక్స్) పోయినప్పుడు ఒక్క గెంతులో అర మీటరో మీటరో పక్కకి జరుగుతుంది. సందేశంలో స్థానంతో పాటు అనిశ్చితి దీర్ఘవృత్తాన్ని కూడా పంపే చోటుంది. చాలామంది అక్కడ స్థిరసంఖ్య పెట్టి పంపేస్తారు. నిజమైన విలువ పంపండి, తీసుకునే వైపు దాన్ని వాడండి: అనిశ్చితి ఒక మీటరు దాటితే లేన్ ఆధారంగా చేసే ఏ ఒప్పందమూ వద్దు.

ఇప్పుడు కూడలి. రోడ్లు కలిసే చోటుని గళ్ళుగా కాకుండా, రెండు దారులు ఒకదాన్నొకటి కోసుకునే ప్రాంతాలుగా విడగొట్టండి. నాలుగు దిక్కుల మామూలు కూడలిలో లెక్క చిన్నగా ఉంటుంది, ఎదురెదురుగా తిన్నగా వెళ్ళే బండ్లకి గొడవే ఉండదు. ప్రతి బండీ తన దారి, ప్రతి ప్రాంతంలోకీ ప్రవేశించే, వదిలే సమయాలు ప్రకటిస్తుంది. ఎవరు ముందన్నది ప్రతి బండీ తనంతట తాను ఒకే సూత్రంతో లెక్కేస్తుంది: ముందు చేరేది ముందు, సమానమైతే చిన్న ఐడీ ఉన్నది ముందు. విడిగా ఓటింగ్ లేదు.

ఈ సూత్రం కాగితం మీద బాగుంటుంది, రోడ్డు మీద ఊగిసలాడుతుంది. చేరే సమయం అంచనా ప్రతి 100 మిల్లీసెకన్లకీ కాస్త మారుతుంది, ఎవరు ముందన్నదీ మారుతుంది, రెండు బండ్లూ ఒకసారి నెమ్మదిస్తాయి, ఒకసారి వేగం పెంచుతాయి. ఇరుకు దారిలో ఎదురుపడ్డ ఇద్దరు మనుషులు ఒకే పక్కకి తప్పుకున్నట్టు. అందుకని తేడా కనీసం ఒక సెకను ఉంటేనే వరుస మార్చండి, ఒక గీత దాటాక అసలు మార్చకండి. ఆ గీత ఎక్కడంటే, ఆగగలిగే చివరి చోటు. 50 కి.మీ. వేగం అంటే సెకనుకు 13.9 మీటర్లు, సుఖమైన బ్రేకు 4 మీ/సె², మొత్తం ఆలస్యం 0.5 సెకను అనుకుంటే: 13.9 వర్గాన్ని 8తో భాగిస్తే 24 మీటర్లు, దానికి 7 కలిపితే 31. కూడలికి 31 మీటర్ల దగ్గర, తనతో దారి కోసుకునే ప్రతి బండి నుంచీ అనుమతి చేతిలో లేకపోతే బ్రేకు పడాలి. తడి రోడ్డుకి ఈ గీత వెనక్కి జరగాలి.

నిశ్శబ్దం అనుమతి కాదు. ఏమీ వినపడకపోతే ఎవరూ లేరనైనా కావచ్చు, రేడియో లేని బండి, సైకిల్, మనిషి ఉన్నారనైనా కావచ్చు. కాబట్టి రేడియో ఒప్పందం "వెళ్ళొచ్చు" అన్నా, కెమెరా, రాడార్ "ఆగు" అంటే ఆగాలి. అటునుంచి ఇటు అధికారం ఇవ్వొద్దు: సెన్సార్లు అడ్డుందని చెప్తుంటే రేడియో మాట విని ముందుకెళ్ళడం ఏ పరిస్థితిలోనూ కుదరదు.

వరుసగా వెళ్ళడం చూడటానికి తేలిక. కాలిఫోర్నియా పాత్ అనే రవాణా పరిశోధన బృందం 1997లోనే శాన్‌డియాగో హైవే మీద 8 కార్లని వరుస కట్టించి నడిపింది. కష్టమంతా రెండు చోట్ల. ఒకటి అలల స్థిరత్వం: ముందు బండి కాస్త వేగం తగ్గిస్తే, వెనక్కి వెళ్ళేకొద్దీ ఆ కదలిక తగ్గుతోందా, పెరుగుతోందా? రాడార్ మాత్రమే ఉంటే ముందు బండి వేగం మారాకే తెలుస్తుంది. రేడియోలో దాని త్వరణం ఆదేశమే వస్తుంది, చక్రం కదలకముందే తెలుస్తుంది. పరీక్ష ఇలా చేయండి: నాయకుడి వేగాన్ని సెకనుకు 2 మీటర్లు అటూ ఇటూ ఊపండి, పౌనఃపున్యాన్ని 0.02 నుంచి 0.3 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా పెంచండి, నాలుగో బండి ఊపు రెండో బండి ఊపు కంటే ఏ పౌనఃపున్యంలోనైనా ఎక్కువుందేమో చూడండి. ఉంటే దూరం పెంచాలి, లేదా ఆలస్యం తగ్గించాలి. గెయిన్లు (తేడాకి కంట్రోలర్ స్పందించే తీవ్రత) పెంచి సరిచేయాలని చూస్తే ఇంకోచోట బయటపడుతుంది.

రెండోది బ్రేకుల తేడా, దీన్ని చాలామంది మర్చిపోతారు. 80 కి.మీ. వేగం, సెకనుకు 22.2 మీటర్లు. ముందు బండి 7 మీ/సె²తో ఆగితే 35.3 మీటర్లు పడుతుంది. వెనక బండి గట్టిగా తొక్కినా 5 మాత్రమే వస్తే 49.4. తేడా 14.1, దానికి 0.2 సెకను ఆలస్యానికి 4.4 కలపండి: 18.5 మీటర్లు. మీరు ఉంచిన అర సెకను దూరం 11 మీటర్లు. రేడియో ఒక్క ప్యాకెట్ కూడా పోగొట్టకపోయినా వెనక బండి గుద్దుతుంది. కాబట్టి బ్రేకు బలహీనంగా ఉన్న బండి, బరువెక్కువున్న బండి ముందుండాలి, లేదా ప్రతి బండీ తన గరిష్ఠ బ్రేకుని చేరేటప్పుడే ప్రకటించాలి, దాన్నిబట్టి దూరం పెట్టుకోవాలి.

సందేశాలు ఆగిపోతే ఒక్కసారిగా రాడార్‌తో దూరం ఉంచే మామూలు క్రూజ్‌కి మారితే గట్టి కుదుపు వస్తుంది, ఆ కుదుపే వెనక అల అవుతుంది. 300 మిల్లీసెకన్ల మౌనానికి దూరం నెమ్మదిగా పెంచడం మొదలుపెట్టండి, 1 సెకను దాటితే రాడార్ దూరానికి పూర్తిగా వెళ్ళండి. తిరిగి దగ్గరవ్వడానికి కనీసం 5 సెకన్లు సందేశాలు నిలకడగా రావాలి. లేకపోతే వరుస అకార్డియన్‌లా సాగి ముడుచుకుంటూ ఉంటుంది.

నాలుగు బండ్లతో బాగా నడిచింది నూటికి వచ్చేసరికి ఎందుకు కూలుతుందో చేత్తోనే లెక్కేయొచ్చు. డిజిటల్ సంతకంతో కలిపి 350 బైట్ల సందేశం, 6 మెగాబిట్ల వేగం: 467 మైక్రోసెకన్లు, ముందు భాగంతో కలిపి సుమారు అర మిల్లీసెకను. సెకనుకు 10 చొప్పున 100 బండ్లంటే వెయ్యి సందేశాలు, ఛానెల్‌లో సగం నిండిపోతుంది. 200 బండ్లకి చోటే లేదు. అందుకే బండ్లు ఛానెల్ ఎంతసేపు బిజీగా ఉందో 100 మిల్లీసెకన్ల కిటికీలో కొలుచుకుని, ఎవరికి వారే రేటు తగ్గించుకుంటాయి. మీ ఒప్పందాల సందేశాలు దీని మీద అదనపు భారం. వాటిని క్రమం తప్పకుండా పంపకండి, అవసరమైనప్పుడే పంపండి, కానీ అనుమతి సందేశాన్ని మాత్రం 50 మిల్లీసెకన్ల తేడాతో రెండు మూడుసార్లు పంపండి. సందేశంలో గడువు కచ్చితమైన సమయంగా ఉంది కాబట్టి రెండుసార్లు అందినా నష్టం లేదు.

భద్రత విషయంలో ఒక భ్రమ ఉంది: సంతకం సరిపోతే మాట నిజమని. సంతకం చెప్పేది ఇది చెల్లుబాటయ్యే సర్టిఫికెట్ ఉన్న పరికరం నుంచి వచ్చిందని మాత్రమే. చెడిపోయిన జీపీఎస్ ఉన్న నిజాయితీ గల బండి కూడా సంతకం పెట్టి అబద్ధం చెప్తుంది. పైగా వ్యక్తుల కదలికలు తెలియకుండా ఉండటానికి ప్రతి బండికీ చాలా మారుపేర్లు ఇస్తారు. అమెరికా డిజైన్‌లో వారానికి 20 సర్టిఫికెట్లు. ఒకే బండి ఒకేసారి పలు పేర్లతో మాట్లాడే అవకాశం అక్కడే ఉంది, ఓటింగ్ మీద ఆధారపడొద్దనడానికి ఇది ఇంకో కారణం. వచ్చిన ప్రతి మాటనీ పరీక్షించండి: రెండు సందేశాల మధ్య కదిలిన దూరం ప్రకటించిన వేగానికి సరిపోతోందా, ఆ చోట రాడార్‌కి వస్తువు కనపడుతోందా, మొదటిసారి వినపడ్డప్పుడే 20 మీటర్ల దగ్గర ఉందా. ఏదో ఒకటి తేడా ఉంటే ఆ బండితో ఒప్పందాలు మానేసి, దాన్ని అడ్డంకిగా మాత్రం చూడండి. అబద్ధమని తేలిన బండిని పూర్తిగా విస్మరించడం ఇంకో తప్పు, అది నిజంగా అక్కడే ఉండొచ్చు.

పేరు మారడంతో ఇంకో చిక్కు. ఒప్పందం మధ్యలో ఐడీ మారితే ఇచ్చిన అనుమతి ఎవరికో తెలియకుండా పోతుంది, పాత ఐడీ ఒక దయ్యపు బండిలా రెండు సెకన్లు మిగిలిపోతుంది. ఒప్పందం నడుస్తున్నంతసేపు మార్పుని ఆపే తాళం పెట్టండి, గడువు ముగియగానే తీసేయండి.

సిమ్యులేషన్‌కి సుమో అనే ట్రాఫిక్ సిమ్యులేటర్‌తో కలిసి నడిచే వీన్స్ సరిపోతుంది, యూరప్ సందేశాలు కావాలంటే ఆర్టరీ, వరుసలకి ప్లెక్స్. నిజమైన రేడియో మీద యూరప్ ప్రోటోకాల్ నడపడానికి వనెట్జా అనే సీ++ లైబ్రరీ ఉంది. వీటిలో ప్యాకెట్ నష్టాన్ని నాణెం ఎగరేసినట్టు పెట్టకండి. 10 శాతం నష్టం విడివిడిగా పడితే వరుసగా మూడు పోయే అవకాశం వెయ్యిలో ఒకటి, మీ కోడ్ ఏదైనా నెగ్గేస్తుంది. మంచి దశ, చెడ్డ దశ మధ్య మారే రెండు దశల నమూనా పెట్టి, చెడ్డ దశ అర సెకను నుంచి రెండు సెకన్లు ఉండేలా చూడండి. అప్పుడు అసలు బగ్గులు బయటికొస్తాయి.

బ్లాక్‌చెయిన్‌కి పని ఎక్కడైనా ఉందా అంటే, ఆగి ఉన్నప్పుడు చేసే పనుల్లో ఉంది: ఛార్జింగ్ లెక్కలు, వేర్వేరు సంస్థల మధ్య సర్టిఫికెట్ల జారీ, రద్దుల చిట్టా, ఎవరు ఎవరికి దారిచ్చారో తర్వాత తేల్చుకోవాల్సిన పద్దులు. అక్కడ 12 సెకన్లు ఆలస్యమైనా ఎవరికీ దెబ్బ తగలదు.

బండ్లు కదిలించే మొదటి రోజు ఈ వరుసలో వెళ్ళండి. నాలుగింటినీ ఆపి ఉంచి గంటసేపు సందేశాలు లాగ్ చేయండి, 65 సెకన్ల గుంట, బండ్లలో కోడ్ వేరువేరుగా ఉంటే 5 సెకన్ల తేడా అక్కడే దొరుకుతాయి. తర్వాత రెండు బండ్లు, ఖాళీ మైదానం, 20 కి.మీ. వేగం, డ్రైవర్ల కాళ్ళు బ్రేకుల మీద. అనుమతి సందేశం గాల్లోకి వెళ్ళకముందే ఇచ్చే బండి యాంటెన్నా కేబుల్ పీకేయండి. తర్వాత అందుకున్న వెంటనే తీసుకున్న బండిది పీకండి. తర్వాత కూడలి గీతకి రెండు మీటర్ల ముందు రెండింటివీ పీకండి. ఈ మూడింట్లోనూ బండ్లు వాటంతట అవే ఆగడమో, ఖాళీ వృథా చేసి ముందుకెళ్ళడమో జరిగితేనే మూడో బండిని మైదానంలోకి తీసుకురండి.